సంక్రాంతికి ఊరికి వస్తున్నారా? ఇంటి పనుల మధ్యే పిట్టలను ఇలా చూడండి

డిసెంబరు వచ్చిందంటే చాలు, చుట్టాలూ స్నేహితులూ నన్ను అడిగేది ఒకటే. "పిల్లలను తీసుకుని వారం రోజులు ఊళ్లో ఉంటాం. పిట్టలను, జంతువులను చూపించాలని ఉంది. ఎక్కడికి తీసుకెళ్లాలి?" దేవరకొండ దగ్గరి పల్లెలో కాపురం పెట్టి 20 ఏళ్లు దాటింది నాకు. అందరికీ చెప్పే జవాబు కూడా ఒకటే. మొదటి మూడు రోజులు ఎక్కడికీ వెళ్లకండి.

పల్లెలో పిట్టలు మన పనుల వెంట తిరుగుతాయి. అంట్లు తోమే చోటికి ఒకటి వస్తుంది, గేదెల వెంట ఇంకొకటి నడుస్తుంది, నాట్ల ముందు మడిని బురదగా దున్ని దమ్ము చేసే ట్రాక్టరు వెనక పదుల కొద్దీ వాలతాయి. మీ ఇంట్లో ఏ పని ఏ వేళకు జరుగుతుందో గమనిస్తే ఏ పిట్ట ఎక్కడ దొరుకుతుందో తెలిసిపోతుంది. దీనికోసం వంట మానుకోనక్కరలేదు, పెద్దవాళ్లను ఒంటరిగా వదిలి వెళ్లనక్కరలేదు.

కావలసినవి

- అడుగు వెడల్పున్న, లోతు తక్కువున్న మట్టి మూకుడు. లోపల గరుకుగా ఉండాలి. మెరుగు పూసినది వద్దు, పిట్టల కాళ్లు జారతాయి.
- పిట్టలకు వేయడానికి గుప్పెడు జొన్నలు, సజ్జలు లేదా బియ్యపు నూకలు.
- కంకులతో ఉన్న వరి గడ్డి, ఒక పిడికెడు.
- ఒక నోటు పుస్తకం, పెన్సిలు. 
- చేతి కర్ర, టార్చిలైటు, కాళ్లను పూర్తిగా కప్పే బూట్లు. ఈ మూడూ తప్పనిసరి. ఎందుకో కింద చెబుతాను.
- బైనాక్యులర్ ఉంటే మంచిది, లేకపోయినా మొదటి మూడు రోజులు గడిచిపోతాయి. కొనేటట్టయితే 8×42 అని రాసి ఉన్నది తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. పిల్లల చేతికి 8×32 తేలికగా ఉంటుంది. 20 రెట్లు, 30 రెట్లు అని అమ్మేవి కొనకండి. చేయి కాస్త వణికినా అందులో పిట్ట నిలవదు.

ఫోనులో పిట్టల పేర్లు చెప్పే మెర్లిన్ అనే ఉచిత యాప్ పెట్టుకోవచ్చు. భారతదేశపు పక్షుల ప్యాకును బయలుదేరే ముందే దింపుకోండి, ఊళ్లో సిగ్నలును నమ్ముకోవద్దు. అది చెప్పిన మొదటి పేరునే ఖాయం చేసుకోకండి.

1. ఇల్లు చేరగానే నీళ్లు పెట్టండి

సామాను దింపిన వెంటనే చేయాల్సిన పని ఇది. పిట్టలు కొత్త వస్తువును నమ్మడానికి రెండు మూడు రోజులు పడుతుంది, కాబట్టి ఆలస్యం చేస్తే సెలవులే అయిపోతాయి. మూకుడులో రెండంగుళాలకు మించకుండా నీళ్లు పోసి, మధ్యలో ఒక చదునైన రాయి పెట్టండి. చిన్న పిట్టలు ఆ రాయి మీద నిలబడి తాగుతాయి.

ఎక్కడ పెట్టాలన్న దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు, నేనూ చేశాను. నీడగా ఉంటుందని మందార చెట్టు మొదట్లో పెట్టాను. నాలుగో రోజు పొద్దున అక్కడ గువ్వ ఈకలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. పొదలో పొంచి ఉన్న పిల్లికి నేనే వేట అందించినట్టయింది. ఆ రోజంతా మనసు బాగాలేదు. అప్పటి నుంచి పొదకు కనీసం ఏడెనిమిది అడుగుల దూరంలో, చుట్టూ ఖాళీగా ఉండే చోట, నడుము ఎత్తు దిమ్మె మీద పెడుతున్నాను. ఎగిరి వాలడానికి దగ్గరలో ఒక కొమ్మ ఉంటే చాలు.

రోజూ పొద్దున నీళ్లు పారబోసి, కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది, మళ్లీ నింపండి. సబ్బు వద్దు. ఊరికే నీళ్లు మారిస్తే సరిపోదు. డెంగీ దోమ గుడ్లు మూకుడు గోడకు అంటుకుని ఉంటాయి, రుద్దితేనే పోతాయి.

2. వరి కంకుల కుచ్చు కట్టండి

పాత ఇళ్ల వసారాల్లో చూరుకు వేలాడే కుచ్చు గుర్తుందా? పిచ్చుకల కోసం కట్టేది. ఇప్పుడు కోత యంత్రాలు వచ్చాక కంకితో ఉన్న గడ్డి దొరకడం లేదు. నవంబరు కోతలప్పుడే ఊళ్లో వాళ్లకు ఫోను చేసి, మడి మూల ఒక పిడికెడు కొడవలితో కోసి దాచమని చెప్పండి.

ముందురోజు రాత్రి గడ్డి మీద నీళ్లు చిలకరించి తడిగుడ్డ కప్పి ఉంచండి. ఎండు కాడ పుటుక్కున విరుగుతుంది, నానిన కాడ వంగుతుంది. 60, 70 కాడలను కంకులన్నీ ఒకే వైపు ఉండేలా సర్ది, కంకుల మెడకు కాస్త పైన దారంతో బిగించండి. మిగిలిన కాడలను మూడు పాయలుగా విడదీసి జడలాగా అల్లి, చివర ముడి వేయండి. మా అత్తయ్య చేతిలో ఈ జడ పది నిమిషాల్లో తయారవుతుంది. పిల్లలను ఆమె పక్కన కూర్చోబెడతాను. అల్లేది ఆమె, కాడలు అందించేది వాళ్లు. చిన్నప్పటి కబుర్లు అప్పుడే బయటికి వస్తాయి.

కుచ్చును ఏడడుగుల ఎత్తున, గోడకు దూరంగా కట్టండి. పిల్లి గోడ మీది నుంచి దూకి అందుకునేలా ఉండకూడదు.

హెచ్చరిక: విత్తనాల సంచిలో మిగిలిన జొన్నలు, మక్కలు పిట్టలకు వేయకండి. వాటికి పురుగుమందు, తెగుళ్ల మందు పట్టించి ఉంటారు. ఎర్రగానో గులాబీగానో రంగు ఉంటే అది తిండి కాదు, విషం. పండక్కి చేసిన సకినాలు, గారెలు కూడా వేయవద్దు. ఉప్పు, నూనె వాటికి మంచివి కావు.

3. పొద్దున బోరు దగ్గర కూర్చోండి

జనవరి మధ్యలో మన వైపు 6:50 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. అప్పటి నుంచి 9 గంటల వరకు మంచి సమయం. దుప్పటి కప్పుకుని, చాయ్ గ్లాసుతో అంట్లు తోమే బండకు పది పన్నెండు అడుగుల దూరంలో కూర్చోండి. తోమే వాళ్లను తోమనివ్వండి. వాళ్లంటే పిట్టలకు భయం లేదు. కొత్తగా వచ్చి నిలబడి చూసే మనిషంటేనే భయం.

ముందుగా వచ్చేది తోకాడించే పిట్ట. పుస్తకాల్లో కాటుకపిట్ట అంటారు. మా బండ దగ్గరికి ఏటా చలికాలం మొదట్లో ఒకటి వస్తుంది. బూడిద రంగు వీపు, తెల్లని ముఖం, గొంతు కింద నల్లని మచ్చ. నీళ్లు పారిన తడి మట్టిలో గబగబా నాలుగడుగులు పరుగెత్తి ఆగుతుంది. ఆగగానే తోక పైకీ కిందికీ ఆడుతుంది. పాత్ర చప్పుడైతే ఒక్క గజం దూరం ఎగిరి మళ్లీ అక్కడే వాలుతుంది. మెతుకుల కోసమని మేం అనుకునేవాళ్లం. దగ్గరగా చూస్తే తెలిసింది, మెతుకు మీద వాలిన ఈగను పట్టుకుంటోంది, మెతుకును ముట్టడం లేదు.

పొరపాటు ఇక్కడే జరుగుతుంది. తోకాడించే పిట్టలన్నీ వలస వచ్చినవి కావు. తలంతా నల్లగా ఉండి కంటి మీద తెల్లని కనుబొమ గీత మాత్రమే ఉంటే, అది ఏడాది పొడవునా మనతోనే ఉండేది. ముఖం తెల్లగా ఉంటే చలికాలపు అతిథి. పొట్ట పసుపు పచ్చగా ఉన్నవి కూడా అతిథులే. వాటిని గేదెల కాళ్ల దగ్గర వెతకండి.

గేదెలను విప్పే వేళకు పసులపోలిగాడు వస్తుంది. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, తోక చివర రెండుగా చీలి ఉంటుంది. గేదె వీపెక్కి కూర్చుని, అది నడుస్తుంటే గడ్డిలోంచి లేచే మిడతలను గాల్లోనే పట్టుకుంటుంది. పేరు ఎందుకు వచ్చిందో పిల్లలకు చెప్పకండి. చూపించి, వాళ్లనే చెప్పమనండి.

4. దమ్ము ఎక్కడ చేస్తున్నారో కనుక్కోండి

ఈ వారంలో ఒక్కటే చూడగలిగితే ఇది చూడండి. యాసంగి నాట్ల కోసం డిసెంబరు, జనవరి నెలల్లో బోర్ల కింద, కాలువల కింద దమ్ము చేస్తారు. ఎవరి మడి ఎప్పుడో ముందురోజు సాయంత్రమే అడిగి పెట్టుకోండి.

ట్రాక్టరు ఇనుప చక్రాలు బురదను తిప్పుతుంటే పురుగులు, కప్పలు, ఎర్రలు పైకి తేలుతాయి. తెల్లకొంగలు చక్రానికి మూరెడు దూరంలో నడుస్తాయి. గోరువంకలు, పసులపోలిగాళ్లు, తోకాడించే పిట్టలు, పొడుగు ముక్కుతో బురదను గుచ్చే ఉల్లంకి పిట్టలు, అన్నీ ఒకే మడిలో ఉంటాయి. ఆ ఉల్లంకి పిట్టల్లో కొన్ని ఉత్తరాన సైబీరియా వైపు నుంచి వచ్చినవి.

గట్టు మీద ఒకచోట కూర్చోండి. పొద్దు మీ వీపు వైపు ఉండాలి, లేకపోతే అన్నీ నల్లగా కనిపిస్తాయి. పిల్లలకు ఒక పని అప్పజెప్పండి: తెల్లకొంగలు ఎన్ని రకాలు? ముక్కు పచ్చగా, మెడ పొట్టిగా ఉంటే పశువుల వెంట తిరిగే కొంగ. ముక్కు నల్లగా, కాళ్లు నల్లగా ఉండి వేళ్లు మాత్రం పచ్చగా ఉంటే చిన్న తెల్లకొంగ. బురదలో వేళ్లు కనబడవు కాబట్టి అది ఎగిరేదాకా ఆగాలి. ఆగడం పిల్లలకు ఇక్కడ అలవాటవుతుంది.

నారు పోసిన మడి గట్లు తొక్కకండి. ట్రాక్టరు నడిపే వారికి ముందే చెప్పి వెళ్లండి.

5. పేరు తర్వాత, ముందు కొలత

కొత్త పిట్ట కనబడగానే యాప్ తీయడం అందరూ చేసే పొరపాటు. తల ఎత్తేసరికి అది ఎగిరిపోతుంది. ముందు నాలుగు విషయాలు గట్టిగా పైకి చెప్పండి. పిచ్చుకంత ఉందా, గోరువంకంత ఉందా, కాకంత ఉందా? ముక్కు ఎలా ఉంది? ఏం చేస్తోంది? ఎక్కడ కూర్చుంది? అది ఎగిరాక పుస్తకంలో రాయండి, తర్వాతే పేరు వెతకండి.

కరెంటు తీగ మీద ముద్దగా, మట్టి రంగులో కూర్చున్నది రెక్క విప్పగానే నీలం మెరిసిందా? పాలపిట్ట, మన తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా రోజు దానికోసం ఎంతో వెతుకుతాం కానీ చలికాలమంతా అది తీగల మీదే దొరుకుతుంది. దసరాకు పంజరంలో తెచ్చి డబ్బులకు చూపించేవాళ్లను ప్రోత్సహించకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడమే నేరం.

జొన్న చేను కంకి వేసిన చోట సాయంత్రం ఆకాశం కూడా చూస్తూ ఉండండి. గులాబీ రంగు ఒళ్లు, నల్లని తల, నల్లని రెక్కలు ఉన్న గోరువంకలు గుంపులుగా వస్తాయి. మధ్య ఆసియా వైపు గుడ్లు పెట్టి, చలికాలానికి మన జొన్న చేలకు చేరతాయి. వందల పిట్టలు ఒక్కసారిగా మలుపు తిరిగినప్పుడు గాలి చప్పుడు చెవులకు వినబడుతుంది. రైతుకు వాటి వల్ల నష్టం ఉంది. చేను గలవారు డబ్బా వాయించి తోలుతుంటే, ఫోటో కోసం ఆపమని మాత్రం అడగకండి.

బైనాక్యులర్ వాడేటప్పుడు పిట్ట మీది నుంచి చూపు తీయకుండా, దాన్నే కళ్లకు ఎత్తుకోండి. కిందికి చూసి, కళ్లకు పెట్టుకుని, ఆ తర్వాత వెతికితే దొరకదు. సూర్యుడి వైపు ఎప్పుడూ తిప్పకండి. పిల్లలకు ఈ ఒక్క మాట పదిసార్లు చెప్పినా తప్పు లేదు.

6. రాత్రి వచ్చినవారిని పొద్దున చదవండి

పడుకునే ముందు పెరటి దారిలో రెండు గజాల మేర సన్నని ఇసుక పలచగా చల్లి, చీపురుతో సమం చేయండి. పొద్దున వాకిలి ఊడ్చకముందే, ముగ్గు వేయకముందే పిల్లలను తీసుకెళ్లి చూపించండి. గోళ్ల గుర్తులు పడితే కుక్క, పడకపోతే పిల్లి. అయిదు వేళ్లతో చిన్న అడుగులు, ముందు సన్నని గోళ్ల గీతలు ఉంటే ముంగిస కావచ్చు. నక్క అడుగు కుక్క అడుగులాగే ఉంటుంది. దాన్ని ఇసుకలో తేల్చే కంటే రాత్రి ఊళ వినడం మేలు.

ముగ్గు కూడా పిండితోనే వేసి చూడండి. రాతి పొడి మీద ఏదీ వాలదు. బియ్యప్పిండి ముగ్గు దగ్గరికి చీమల బారు, ఆ వెంటనే ఉడుత వస్తాయి.

7. నాలుగో రోజు చెరువుకు

ఇప్పుడు పిల్లల కన్ను తెరుచుకుని ఉంటుంది. ఊరి చెరువు చాలు. ఇంకా పెద్ద నీళ్లు కావాలంటే నల్గొండ వాళ్లకు పానగల్లు ఉదయసముద్రం, మాకు డిండి, మహబూబ్‌నగర్ వైపు కోయిల్‌సాగర్, జూరాల ఉన్నాయి. పొద్దునైతే తూర్పు గట్టున, సాయంత్రమైతే పడమటి గట్టున నిలబడండి.

బాతులు తలలు నిక్కబొడిచి మీకు దూరంగా ఈదడం మొదలుపెడితే మీరు మరీ దగ్గరికి వెళ్లినట్టే. అక్కడే ఆగి కూర్చోండి. ఎగిరేదాకా నడిస్తే, వందల మైళ్లు ఎగిరి వచ్చిన పిట్టను ఊరికే అలసిపోనిచ్చినవాళ్లమవుతాం. సూదిలాంటి తోక, గరిటెలాంటి ముక్కు, ఈ రెండూ వెతకండి. రెండూ చలికాలపు అతిథులవే. నల్లని ఒంటి మీద నుదుట తెల్లని బొట్టు ఉన్నది బాతు కాదు, దాన్ని విడిగా లెక్కపెట్టండి.

అమ్రాబాద్ అడవికి కూడా వెళ్లాలనుకుంటే శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక బండి దిగి అడవిలోకి నడవకండి, కోతులకు తిండి వేయకండి. తిండి కోసం రోడ్డెక్కిన కోతులు బండ్ల కింద పడుతున్నాయి.

8. పొద్దు గూకే వేళ వేప చెట్టు కింద

జనవరిలో 6 గంటలకు పొద్దు గూకుతుంది. పాత వేప, చింత, రావి చెట్ల తొర్రల వైపు చూడండి. చిన్న గుడ్లగూబ ముందు తల మాత్రం బయటపెడుతుంది. గుండ్రని పసుపు కళ్లు, తెల్లని కనుబొమలు. మిమ్మల్ని చూసి తలను కిందికీ పైకీ ఊపుతుంది. ఆ తర్వాత రెండోది పక్కన చేరుతుంది. టార్చి వాటి కళ్లలో కొట్టకండి, ఫోనులో వాటి కూత వినిపించకండి.

గుడ్లగూబ అపశకునమని, తీతువు అరిస్తే చావు కబురని ఇంట్లో పెద్దవాళ్లు అనవచ్చు. వాదించకండి. గుడ్లగూబ పురుగులను, ఎలుకలను పట్టుకుంటుంటే వాళ్లకే చూపించండి. తీతువు నేల మీద బతికే పిట్ట, రాత్రి పొలంలో మనిషో కుక్కో కదిలితే అరుస్తుంది. మా మామయ్య ఇప్పుడు తీతువు అరవగానే మోటారు దగ్గర ఎవరైనా ఉన్నారేమోనని చూసి వస్తారు.

చలిమంటను చెట్టు మొదట్లో కాకుండా ఖాళీ చోట వేయండి. ఉడికించిన అనపకాయలు తింటూ ఆ రోజు చూసినవన్నీ ఒకరి తర్వాత ఒకరు చెప్పుకోండి. రాసే పని పిల్లలది.

తప్పక పాటించాల్సినవి

చలికాలంలో పాములు బయటికి రావని నమ్మకండి. కర్ర, టార్చి, బూట్లు తప్పనిసరి అన్నది అందుకే. రక్తపింజర ఈ కాలంలో పగలు ఎండ కాచుకుంటుంది. గడ్డివాము, కట్టెల మోపు, పిడకల కుప్ప దగ్గర కర్రతో తట్టకుండా చేయి పెట్టవద్దు. కాటు పడితే కట్టు కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసేసి, కాటు పడిన కాలో చేయో కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చండి. నాటు వైద్యం కోసం ఒక్క నిమిషం కూడా పోగొట్టకండి.

గాలిపటాలకు నూలు దారమే వాడండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. పండుగ మర్నాడు చెట్లకు చిక్కుకున్న దారాలను వెదురు కర్రతో లాగేయండి. నూలు దారమైనా కొంగ రెక్కకు చుట్టుకుంటే కోస్తుంది.

సరిగ్గా జరుగుతోందా అని ఎలా తెలుసుకోవాలి?

మీరు కూర్చున్నాక పది నిమిషాల్లో పిట్టలు తమ పనిలో పడితే చోటు సరైనది. పడకపోతే ఇంకో పదడుగులు వెనక్కి జరగండి. మూకుడు చుట్టూ రెట్టలు, తడి కాలి గుర్తులు కనబడితే నీళ్లు వాడుకుంటున్నట్టు. మూడో రోజుకీ కుచ్చు అలాగే ఉంటే దాన్ని మనుషులు ఎక్కువగా తిరగని వైపుకు మార్చండి. గింజలన్నీ ఒక్క పూటలో మాయమైతే ఎలుకలనో కోతులనో అనుమానించండి. అప్పుడు గింజలు ఆపేసి నీళ్లు మాత్రం ఉంచండి.

పుస్తకంలో పేర్లు పది ఉన్నా, "ఏం చేస్తోంది" అన్న గడి ఖాళీగా ఉంటే ఇంకా సరిగ్గా చూడనట్టే. ఫిబ్రవరిలో నాలుగు రోజులు, ఎవరున్న చోట వాళ్లు పిట్టలను లెక్కపెట్టే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. 15 నిమిషాలు లెక్కపెట్టి, పిట్టల లెక్కలు దాచే ఈబర్డ్ అనే వెబ్‌సైటులో నమోదు చేస్తే చాలు. పట్నంలో మీ ఇంటి మిద్దె మీది నుంచి కూడా చేయవచ్చు.

తిరిగి వెళ్లేటప్పుడు

మూకుడును నీళ్లతో వదిలి వెళ్లకండి. రోజూ కడిగేవాళ్లుంటే వాళ్లకు అప్పజెప్పండి, లేకపోతే బోర్లించి పెట్టండి. కుచ్చును విప్పనక్కరలేదు. పిచ్చుకలు చివరి గింజ దాకా తింటాయి. నోటు పుస్తకాన్ని వసారా గూట్లో ఉంచండి. మా ఇంట్లో పిల్లలు వెళ్లాక కనబడినవి మా అత్తయ్య వాళ్ల పుస్తకంలో రాస్తున్నారు, మొన్నటి దాకా 14 పేర్లు చేరాయి.